సుందరాంబ సైటుకు జరిగిన మేలు

ఒక పెద్ద అడవిలో, అదెంత పెద్దదంటే ఈ కొసన ఫోను మోగితే ఆ కొసన సిగ్నలే ఉండదు, అలాంటి అడవిలో ముళ్ళు తీసి బతికే కొండముచ్చు ఒకతి ఉండేది. పేరు సుందరాంబ. నల్లటి మొహం, పొడుగాటి వేళ్ళు, ముక్కు మీద కోపం. అరికాల్లో ముల్లు ఎంత లోపల విరిగినా సరే, మాటల్లో పెట్టి ఇట్టే లాగేసేది. ఆ మాటలు కూడా అన్నీ ఆవిడవే. ముల్లు గుచ్చుకున్నవాడికి అబ్బా అనడానికి కూడా సందు దొరికేది కాదు.

అడవిలో ముళ్ళకేం కరువు? తుమ్మ ముళ్ళు, రేగు ముళ్ళు, పరికి ముళ్ళు, కావలసినన్ని. సుందరాంబ వాగు రేవులో కూర్చునేది. నీళ్ళకు రాని జంతువంటూ ఉండదు కదా. కుంటుకుంటూ వచ్చినవాడు నీళ్ళు తాగి, ముల్లు తీయించుకుని, పోతూ పోతూ జామకాయో సీతాఫలమో ఆవిడ చేతిలో పెట్టి పోయేవాడు. ఆవిడా, పళ్ళన్నీ ఊడిపోయిన వాళ్ళ అత్తగారూ ఆ పళ్ళు తిని హాయిగా బతికేవాళ్ళు.

అంత హాయి పెద్దల కంట్లో పడకుండా ఉంటుందా? మృగరాజు సాయంత్రం నడకకు రేవు పక్కన పూలతోట ఉండాలన్నారు. తోట వేశారు, కంచె కట్టారు, సుందరాంబను కొండ మీదికి పోయి కూర్చోమన్నారు. కొండ మీదికి కుంటుకుంటూ ఎవడొస్తాడండీ? కాళ్ళు బాగున్నవాడే సగంలో కూలబడతాడు.

అదే మాట ఆవిడ అడిగింది. రోజులు మారాయమ్మా, అందరి దగ్గరా ఫోన్లున్నాయి, నువ్వూ ఒక వెబ్‌సైటు పెట్టుకుంటే వాళ్ళే పిలుస్తారు, నువ్వే వెళ్ళి తీసి రావచ్చు అని పెద్దలు సలహా ఇచ్చారు. సలహా ఇవ్వడానికి ఏం పోతుంది వాళ్ళకి.

ఇంకో దారి లేకపోలేదు. సుందరాంబ అక్కచెల్లెళ్ళందరూ అప్పటికే ఘాట్ రోడ్డు మలుపులో కూర్చుని, కారు ఆగితే చాలు వేరుశనక్కాయల కోసం చేతులు చాపుతున్నారు. కార్లోవాళ్ళు ఫొటో తీసుకుంటామంటే పళ్ళికిలిస్తున్నారు. అది తలుచుకుంటేనే సుందరాంబకు ఒళ్ళు మండేది. ఇంత పనితనం ఉన్న చెయ్యిని రోడ్డు మీద చాపాలా? కానీ కొండ మీదికి వచ్చాక ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. ఆకులు నమలలేక అత్తగారు రోజురోజుకీ చిక్కిపోతోంది. సైటు నడిస్తే సరేసరి, నడవకపోతే ఘాట్ రోడ్డే గతి.

అందుకని మధ్యాహ్నాలు వీడియోలు చూసి చూసి తనే ఒక సైటు తయారుచేసుకుంది. నిజం చెప్పుకోవాలి, మొదటిసారి చేసిన సైటు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. తెల్లటి పేజీ మీద పసుప్పచ్చ అక్షరాలు. పేరుకు అటూ ఇటూ మిణుకుమిణుకుమనే నక్షత్రాలు. ఆవిడ ఫొటో తలకిందులుగా పడింది. మధ్యలో "ఇచ్చట ముళ్ళు నొప్పి లేకుండా తీయబడును, పిలిచిన చోటికి వచ్చెదను" అని రెండు ముక్కలు. ఫోను నంబరు ఎక్కడో అడుగున, చీమ తలకాయంత. సుందరాంబ మాత్రం దాన్ని చూసుకుని మురిసిపోయింది. ఎవరి పిల్ల వాళ్ళకు ముద్దు కాదా మరి.

ఆ సైటును మొదట చూసింది కొండ కింద ఉండే ఎలుగుబంటి భల్లయ్య. చూడ్డమేమిటి, దానివల్ల నానా పాట్లూ పడ్డాడు. వెనక్కాలిలో ముల్లు దిగితే ఫోను తెరిచి, అక్కడేమీ కనబడక, మూడు కాళ్ళ మీద రొప్పుతూ రోజుతూ కొండెక్కి వచ్చాడు.

"అక్కా, ఎండలో నీ పసుపు అక్షరాలు ఒక్కటీ కనబడలేదు. నంబరు కోసం వెతికి వెతికి, ఇంతకన్నా కొండెక్కడమే నయమనిపించింది" అన్నాడు.

సుందరాంబ మొహం మాడ్చుకుంది. ఆ రోజు భల్లయ్య ముల్లు కొంచెం నొప్పిగానే వచ్చింది. అతను వెళ్ళాక ఎండలో ఫోను పట్టుకుని తనే చూసుకుంది. నిజమే, ఏమీ కనబడలేదు. అక్షరాలు నల్లగా మార్చాలి, నంబరు పెద్దది చేసి పైకి తేవాలి. అంతే పని. అయితే రంగు మార్చడం ఎలాగో ఆవిడ చూసిన వీడియోల్లో లేదు.

ఆ అడవిలో కొత్త సైట్ల దిద్దుబాటు మండలి అని ఒకటి ఉండేది. ప్రతి గురువారం నేరేడు చెట్టు కింద కూర్చునేది. కొత్తగా సైటు పెట్టినవాళ్ళు తెచ్చి చూపిస్తే లోపాలు చెప్పి బాగుచేయించడం దాని పని. మండలి ఔనంటేనే ఆ సైటు పేరు అడవి ఉమ్మడి పేజీలో ఎక్కుతుంది. అక్కడ ఎక్కని సైటు ఉన్నా లేనట్టే. మండలి సభ్యుల్లో ఎవరికీ సొంత సైటు లేదు. ఉంటే పక్షపాతం వస్తుందని పెట్టుకోలేదట.

అధ్యక్షుడు ఏనుగు పర్వతాలు గారు. ఆయన కూర్చుంటే సభ, లేస్తే సభ ముగిసినట్టు. రంగుల నిపుణుడు నెమలి కలాధర్, ఎక్కడ నిలబడ్డా ముందు తన నీడ అందంగా పడిందో లేదో చూసుకునే రకం. భద్రతా నిపుణుడు తాబేలు కూర్మారావు గారు, ఏదైనా శబ్దమైతే ముందు తల లోపలికి లాక్కుని, తర్వాత ఆలోచిస్తారు. కార్యదర్శి నక్క జంబులింగం. అతని గురించి నేను చెప్పక్కర్లేదు, మీ ఆఫీసులో కూడా ఒకడు ఉండే ఉంటాడు.

ఈ అడవిలో ఒక ఆచారం ఉంది. ఎవరు ఏ పనిలో వేలు పెట్టినా అక్కడ వాళ్ళ ఫొటో ఉండాలి. వాగు మీద దుంగ వేస్తే, వేయించినవాడు, మోసినవాడు, మొయ్యమని చెప్పినవాడు, అటుగా పోతూ ఆగి చూసినవాడు, అందరి ఫొటోలూ దుంగ పొడుగునా అంటిస్తారు. పెద్దల మొహాల మీద కాలు పెట్టడం తప్పని కుందేళ్ళు ఇప్పటికీ ఈదుకుంటూనే వాగు దాటుతాయి.

సుందరాంబ వెళ్ళిన వేళావిశేషం ఏమిటంటే, ఆ మధ్యే మృగరాజు ఆవలిస్తూ, ఇంతకీ ఈ మండలి ఏం చేస్తుంది అని అడిగారు. ఏదో ఒకటి చేసి చూపించమన్నారు. వేసవిలోగా ఒక గొప్ప సైటును తీర్చిదిద్ది, మృగరాజు చేత ప్రారంభోత్సవం చేయించకపోతే మండలి ఎత్తేస్తారు. సరిగ్గా అప్పుడు ఈవిడ తన సైటు పట్టుకుని వచ్చింది. జంబులింగం దాన్ని చూడగానే లొట్టలేశాడు. ఇంత ఘోరంగా ఉన్నదాన్ని బాగుచేస్తే ఎంత పేరొస్తుందో కదా.

సుందరాంబ తనకు కావలసింది చెప్పుకుంది. అక్షరాలు నల్లగా చెయ్యాలి, నంబరు పైకి తేవాలి.

పర్వతాలు గారు నవ్వారు. ఆయన నవ్వితే నేరేడు పళ్ళు రాలతాయి, రాలాయి.

"ఏమ్మా, ఈ మాత్రానికి మండలి ఎందుకు? అది ఎలుగుబంటి కూడా చెప్తుంది" అన్నారు.

నిజానికి చెప్పింది ఎలుగుబంటే.

మొదటి గురువారం కలాధర్ దిద్దాడు. తెల్ల పేజీ అంటే ఇంకా పని మొదలుపెట్టలేదని అర్థమట. వెనకాలంతా తన పింఛం వేయించాడు, ఊరికే కాదు, అది విప్పుకుంటూ ముడుచుకుంటూ ఉండాలి. అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో రంగు. ఆ పింఛం కన్నుల మధ్య అక్షరాలెక్కడున్నాయో వెతుక్కోవాలి. వెతికితే చూపు పేజీ మీద ఎక్కువసేపు నిలుస్తుంది, అదే కదమ్మా మనక్కావలసింది అన్నాడు. పని అయ్యాక ఒక మూల తన ఫొటో పెట్టించుకున్నాడు.

రెండో గురువారం కూర్మారావు గారి వంతు. సైటు తెరవగానే తెరుచుకోవడం ఆయనకు నచ్చలేదు. అలా ఎవడు పడితే వాడు వచ్చేస్తే మర్యాదేం ఉంటుంది? ముందు ఒక తెర మెల్లగా, బాగా మెల్లగా పక్కకు జరగాలి. తర్వాత వచ్చినవాడు తన పేరు, తండ్రి పేరు, గుహ ఎక్కడో, ముల్లు ఏ చెట్టుదో రాయాలి. ముల్లు ఫొటో జతచెయ్యాలి. చివర్న "నేను వేటగాణ్ణి కాదు" అన్న గడిలో టిక్కు పెట్టాలి. వేటగాడు అబద్ధమాడి టిక్కు పెడితేనో అని సుందరాంబ అడిగింది. కూర్మారావు గారు తల లోపలికి లాక్కుని చాలాసేపు ఆలోచించి, అంత నీచుడు ఉండడులే అన్నారు. ఆయన ఫొటో కూడా ఎక్కింది.

ఆ తర్వాత పర్వతాలు గారు. చిన్న చిన్న మార్పులు ఆయన ఒంటికి పడవు. పేజీ పై భాగమంతా తన ఫొటో ఒక్కటే ఉండాలన్నారు. అడ్డంగా పెడితే చెవులు పట్టలేదు, అందుకని పేజీనే వెడల్పు చేయించారు. సైటు తెరుచుకోగానే ఆయన గొంతుతో స్వాగతం, ఆ వెంటనే పేజీకి అడ్డంగా ఆయన సందేశం. సందేశం మూసేస్తే, చదవకుండా మూసేశారేమిటి అని ఇంకోటి వస్తుంది.

వారం వారం సుందరాంబ కొండ దిగడం, వాళ్ళు చెప్పినవన్నీ చేయించడం, మళ్ళీ కొండెక్కడం. తల ప్రాణం తోకకొచ్చింది. వెళ్ళిన ప్రతిసారీ అక్షరాలు నల్లగా, నంబరు పైన అని అడగడం మాత్రం మానలేదు. వస్తున్నాం, ఆ పాయింటుకే వస్తున్నాం అనేవాళ్ళు. ఇంటికి వెళ్తే అత్తగారు ఫోను పక్కనే కూర్చుని, ఇవాళైనా మోగుతుందా అని చెవి ఆనించి వింటూ ఉండేది.

ఆఖరి గురువారం జంబులింగం ఆ పాయింటుకు వచ్చాడు. నంబరు పైకి తెచ్చాడు, పెద్దది చేశాడు, ఎర్ర రంగు కూడా వేశాడు. తీరా చూస్తే అది మండలి కార్యాలయం నంబరు.

"నీ నంబరు ఉంటే నీకు అన్ని వేళల్లోనూ ఫోన్లొస్తాయి, విశ్రాంతి ఉండదు. ఫోన్లన్నీ మేం తీసుకుని, చూసి, నీకు పంపిస్తాం" అన్నాడు జంబులింగం.

అక్కడితో ఆగాడా? నలుగురి ఫొటోలకూ చోటు చాలడం లేదని ఆవిడ ఫొటో తీసేశాడు. తలకిందులుగా ఉన్నది ఎలాగూ బాగోలేదట. పేరు మరీ పాతకాలం పేరు, ముళ్ళ సేవా కేంద్రం అంటే గంభీరంగా ఉంటుందట. సుందరాంబకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చినట్టు నాలుగు దులిపేసింది. జంబులింగం శ్రద్ధగా విని, విమర్శ తట్టుకోలేకపోవడం కొత్తవాళ్ళందరికీ ఉండే లోపమే, మెల్లగా పోతుంది అని సభ్యులకు వివరించాడు. మిగతా ముగ్గురూ తలలూపారు. కాదని సైటు వెనక్కి తీసుకుంటే ఉమ్మడి పేజీలో ఎక్కదు. ఎక్కకపోతే ఘాట్ రోడ్డు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ కొండెక్కింది.

ప్రారంభోత్సవం రోజు రానే వచ్చింది. నేరేడు చెట్టు దగ్గర వేదిక, పెద్ద తెర, మైకు. ద్వారానికి మామిడి తోరణాలు దొరకలేదని జంబులింగం రేగు కొమ్మలు తెచ్చి కట్టాడు. ఎర్రటి పళ్ళతో చూడ్డానికి బాగానే ఉంది. ఆహ్వానంలో అందరి పేర్లూ ఉన్నాయి, సుందరాంబ పేరు తప్ప. సైటు ఆవిడదేనన్న సంగతి అప్పటికి ఎవరికీ గుర్తు లేదు. ఆవిడ తనంతట తానే వచ్చి తాడుకు అవతల నిలబడింది. అక్కడ కాపలా ఉన్న అడవి రేసుకుక్కలు పాసు లేనిదే తాడు దాటనివ్వమన్నాయి.

కూర్మారావు గారి స్వాగతోపన్యాసం సాగుతూ ఉంది. అది సాగడమంటే మీకు తెలుసుగా. మృగరాజు కునికిపాట్లు పడుతున్నారు. పర్వతాలు గారికి ఆకలేసింది. పక్కనే ద్వారం, ద్వారానికి రేగుపళ్ళు. ఆయన పరధ్యానంగా తొండం చాచి ఒక కొమ్మ లాగారు.

ముల్లు తొండం కొసన, లోపలివైపు దిగింది. బయటైతే ఆయన తోలుకు అది ఒక లెక్కా? లోపల మెత్తన. ఆయన పెట్టిన కేకకు మైకు కింద పడింది, మృగరాజు లేచి కూర్చున్నారు, కూర్మారావు గారి తల లోపలికెళ్ళి మళ్ళీ రాలేదు.

తాడు అవతల నుంచి సుందరాంబ, నేనే ముళ్ళు తీసేదాన్ని, నన్ను లోపలికి వదలండి అని అడిగింది. రేసుకుక్కలు జంబులింగం వైపు చూశాయి. అతను పరుగున వచ్చి గొంతు తగ్గించాడు.

"ఉండమ్మా, మృగరాజు చూస్తున్నారు. ఇవాళ ప్రారంభించే సైటును ఇవాళే పక్కన పెడితే మా పరువేం కావాలి? సైటు ద్వారా నీకు కబురొస్తుంది, అప్పుడు రా."

పర్వతాలు గారు కూడా బాధలోనే హుందాగా తలూపారు. సైటు గొప్పతనం అందరికీ తెలియడానికి ఇదే మంచి సమయమని కలాధర్ మైకు తీసి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జంబులింగం అధ్యక్షుల ఫోను తీసుకుని, పెద్ద తెర మీద కనబడేట్టుగా సైటు తెరిచాడు.

సైటు ముందున్న తెర జరగడం మొదలుపెట్టింది. జరుగుతోంది, జరుగుతోంది. పర్వతాలు గారు ఒంటికాలి మీద లేచి, ఇంకో కాలి మీదికి మారి, కాస్త తొందరగా జరపలేరా అన్నారు. అది కూర్మారావు గారి వేగం, మార్చడానికి లేదు. తెర తొలిగాక పింఛం విప్పుకుంది. అప్పుడు ఆయన గొంతే హాయిగా, ఆనందంగా, ఈ శుభవేళ మీకందరికీ స్వాగతం సుస్వాగతం అని మొదలుపెట్టింది. ఒక పక్క ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, ఇంకో పక్క ఆయనే నవ్వుతూ స్వాగతం చెబుతున్నారు. సందేశం వచ్చింది. మూశారు. ఇంకోటి వచ్చింది. చదవకుండా మూసేశారేమిటి అని ఆయన సైటు ఆయన్నే నిలదీసింది.

తర్వాత వివరాలు. పేరు రాశారు. తండ్రి పేరు ఆయనకు ఆ బాధలో వెంటనే గుర్తు రాలేదు. ముల్లు ఏ చెట్టుదో రాయమంటే తొండంతో ద్వారం వైపు చూపించారు. ఇక ముల్లు ఫొటో. జంబులింగం ఫోనును ఆయన తొండంలోకి దూర్చాడు. లోపల చీకటి, ఫొటో నల్లగా వచ్చింది. లైటు వేసి మళ్ళీ దూర్చేసరికి ఆయనకు తుమ్ము వచ్చింది. ఫోను వెళ్ళి కలాధర్ తోకలో పడింది. దాన్ని తుడిచి తెచ్చి, వేటగాణ్ణి కాదని టిక్కు పెట్టి, చిట్టచివరికి ఎర్రగా ఉన్న నంబరు నొక్కారు.

ఫోను మోగింది. ఎక్కడో దూరంగా కాదు, జంబులింగం సంచిలోనే. అతను అలవాటు కొద్దీ తీశాడు.

"మండలి కార్యాలయం, చెప్పండి."

"ముల్లు" అన్నారు పర్వతాలు గారు, అతని పక్కనే నిలబడి, ఫోనులో.

"అధ్యక్షులవారు ప్రారంభోత్సవంలో ఉన్నారండీ, వచ్చే గురువారం చెయ్యండి" అని జంబులింగం పెట్టేశాడు.

పెట్టేశాక గానీ అతనికి వెలగలేదు. వెనకెక్కడో ఒక అడవిపంది ఫక్కుమంది, ఇక అడవంతా విరగబడి నవ్వింది. మృగరాజు మాత్రం నవ్వలేదు. ఈ సైటు ఎవరిదని అడిగారు. మాదే ప్రభూ అని నలుగురూ ఒకేసారి అన్నారు, కూర్మారావు గారు డిప్పలో నుంచే అన్నారు. మరి ముల్లు తీసేదెవరని అడిగారు.

"నేను" అంది తాడు అవతల నుంచి సుందరాంబ.

మృగరాజు సైగ చేస్తే రేసుకుక్కలు తాడు ఎత్తాయి. ఆవిడ వచ్చి, ఏనుగు తొండం కొసను ఒళ్ళో పెట్టుకుని, మామూలుగానే మాటలు మొదలుపెట్టింది. ఈసారి మాటలు ఊరికే రాలేదు, ఇన్ని గురువారాలుగా కడుపులో పెట్టుకున్నవన్నీ వచ్చాయి.

"ఆ పేజీలో నా మొహం లేదు, నా పేరు లేదు, నా నంబరు లేదు. నేను చచ్చిపోయానని పెట్టించినా బాగుండేదయ్యా, కనీసం నా ఫొటో వేసి దండైనా వేసేవాళ్ళు. ఇంట్లో మా అత్త ఫోనుకు చెవి ఆనించుకుని కూర్చుంటోంది. ఆ ఫోను ఎప్పటికీ మోగదని ఆవిడకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

పర్వతాలు గారు ఏదో అనబోయారు. అప్పటికే ముల్లు ఆవిడ వేళ్ళ మధ్య ఉంది. ఆయన అంత భారీ ప్రాణం ఒక్కసారి తేలికపడి, అక్కడే కూలబడి, తల్లీ ఏం కావాలో కోరుకో అన్నారు. సుందరాంబ కోరుకుంది. అవన్నీ తీసేసి, తను రాసుకున్న రెండు ముక్కలూ నల్లటి అక్షరాలతో పెట్టాలి. పైన తన నంబరు. అంతే.

"అంతా అంటే, నా ఫొటో కూడానా?" అన్నారు పర్వతాలు గారు, చిన్న గొంతుతో.

సుందరాంబ ముల్లును ఎత్తి చూపించింది. "అక్కర్లేదు అధ్యక్షా, ఉండనివ్వండి. ఇది కూడా ఎక్కడి నుంచి తీశానో అక్కడే పెట్టేస్తాను."

ఫొటో తీసేయడానికి ఒప్పుకున్నారు. ఇక మండలి పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. మృగరాజు నోరు తెరిచారు కూడా. అంతలో జంబులింగం సాష్టాంగపడ్డాడు. ప్రభూ, ఇదే మా ప్రదర్శన, కొత్తవాళ్ళ సైటు ఎలా ఉండకూడదో ఇప్పటిదాకా కళ్ళకు కట్టినట్టు చూపించాం, ఎలా ఉండాలో రేపటి నుంచి చూపిస్తాం, దీనికి సాదా శైలి అని పేరు కూడా పెట్టుకున్నాం అన్నాడు. మృగరాజుకు ఏమర్థమైందో ఏమో, భోజనం వేళయిందని, సరే కానివ్వండి అని లేచారు. మండలికి ఇంకో అయిదేళ్ళు గడువు పెరిగింది.

సాదా శైలి అడవంతా పాకింది. తర్వాతి గురువారం గూళ్ళు అల్లి అమ్ముకునే గిజిగాడు తన సైటు తెస్తే, అందులో గూళ్ళ ఫొటోలన్నీ ఎక్కువయ్యాయని తీయించేశారు. ఎందుకంటే సుందరాంబ సైటులో గూళ్ళ ఫొటోలు ఒక్కటీ లేవట.

సుందరాంబ సైటు మాత్రం ఆవిడ అడిగినట్టే ఉమ్మడి పేజీలో ఎక్కింది. అది ఎక్కిన రోజునే, ఇంత గొప్ప శైలిని కనిపెట్టినందుకు మండలి వాళ్ళకు సన్మానం. సన్మానం కూడా సాదాగా ఉండాలని పూలకుండీలకు బదులు వేదిక నిండా బ్రహ్మజెముడు కుండీలు పెట్టారు. నీళ్ళు కూడా పొయ్యక్కర్లేదట. శాలువా కప్పించుకున్న కలాధర్ ఆనందం పట్టలేక పింఛం విప్పి, వేదిక మీద ఒక్కసారి గిర్రున తిరిగాడు.

కొండ మీద ఫోను మోగింది. అత్తగారు ఉలిక్కిపడి చెవి తీసింది. సుందరాంబ ఆ ఫోను వైపు అలా చూస్తూ ఉండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎత్తితే, ఎవరో జంబులింగమట, అర్జంటుగా రమ్మంటున్నాడు, సైటు చూసి చేస్తున్నాడట.

ఆవిడ వెళ్ళింది. కలాధర్ ఈకలన్నిట్లోనూ బ్రహ్మజెముడు ముళ్ళు, ఒక్కొక్కటే తీయాలి, పెద్ద పని. పని పెద్దది కాబట్టి జామకాయలు కూడా బుట్టెడు ముందే తెచ్చి పక్కన పెట్టించుకుంది. మెత్తటివి ఏరి అత్తగారికని కట్టుకుని, గట్టివి తను కొరుకుతూ కూర్చుంది. ఆవిడ తలమీదుగా మైకులో పర్వతాలు గారి ఉపన్యాసం సాగుతూనే ఉంది.

"మేం దిద్దకపోతే ఈ సైటు ఇంత సాదాగా ఉండేదా?"

సుందరాంబ నోటినిండా జామకాయ ఉంది.

నీతి: తెలియనివాడు చేసిన తప్పును దిద్దుకోవచ్చు, తెలిసినవాళ్ళు దిద్దిన తప్పుకు మాత్రం సన్మానం చెయ్యాల్సిందే.